శాంతా ఆనా ఉత్తరపు గోడ

శాంటా ఫే పట్నానికి దూరంగా, కొండల మధ్య లోయలో ఉన్న ఓహితోస్‌లో గోడలకు మట్టి మెత్తడం ఆడవాళ్ళ పని. మట్టి తవ్వడం, గడ్డి కలిపి తొక్కడం, బకెట్లు నిచ్చెన మీదికి అందించడం వరకూ మగవాళ్ళు చేసేవారు. గోడ మీద మాత్రం మగవాడి చెయ్యి పడకూడదు. ఎందుకు పడకూడదని అడిగితే లిబ్రాదా నానమ్మ ఒకటే మాట చెప్పేది. "మగాడు గోడని కొడతాడు. ఆడది నిమురుతుంది. దేన్నైనా నిమిరితేనే కదే నిలబడేది."

నానమ్మ చేతిలో మొదటిసారి మట్టి పెట్టినప్పుడు లిబ్రాదాకు ఏడేళ్ళు. చెల్లెలు సెల్సాకు ఐదు. పాతికేళ్ళు వచ్చేసరికి ఆ లోయలో ఉన్న ముప్ఫై ఇళ్ళలో ఈ అక్కచెల్లెళ్ళ చెయ్యి పడని గోడ లేదు. లిబ్రాదా ముందు నడుస్తూ మట్టిని గోడకు విసిరి, అరచేతి మడమతో పైకి సాగదీసేది. సెల్సా వెనకే వస్తూ, పై పూత పట్టుకోవడానికి పచ్చిమట్టి మీద వేళ్ళతో నెలవంకల్లా గీతలు గీసేది. పై పూత వేశాక తడిపిన గొర్రెతోలుతో గోడంతా నున్నగా తుడిచేది కూడా ఆమే. మాంసం కొట్టే మిషన్‌లో పడి సెల్సా కుడి చిటికెన వేలు సగం తెగిపోయింది. అందుకని ఆమె గీసిన చోట మూడు గీతలు నిండుగా పడేవి, నాలుగోది పడీపడనట్టు ఉండేది.

ఏటా జూన్‌లో శాంతా ఆనా చర్చిని మెత్తేవారు. ఊళ్ళో అన్నిటికంటే పెద్ద గోడలు దానివే. మేరీమాత తల్లి పేరు మీద కట్టిన చర్చి కనుక, ఆమె పండగ జూలై ఆఖరివారం వచ్చేలోగా, వానలు దిగకముందే పని అయిపోవాలి. ఆ వారమంతా చర్చి ముందర పొయ్యిల మీద బీన్స్ ఉడుకుతుండేవి. పంది మాంసం వేసిన ఎర్రమిరప కూర వాసన ఏటి దాకా పోయేది. ఎవరి మొగుడు ఎవరి కంచె దాటాడో ఊరికంటే ముందు గోడకు తెలిసేది.

సెల్సా ఆఖరిసారి నిచ్చెన ఎక్కిన జూన్‌లో ఉత్తరపు గోడ పూర్తి కాలేదు. అప్పటికే ఆమెకు దగ్గు పట్టుకుంది. గీతలు గీయడం వరకూ చేసి కిందికి దిగింది.

"ఇటేపు ఎవరు చూస్తారే అక్కా, ఏరు తప్ప. నున్నగా వచ్చే ఏడు చేద్దాంలే," అంది.

జనవరిలో పోయింది. నేల రాయిలా గడ్డకట్టి ఉంటే, పొద్దుటినుంచి మధ్యాహ్నం దాకా దాని మీద మంట వేసి, అది కరిగాక గొయ్యి తవ్వారు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం పూజ అయ్యాక, ఫాదర్ కారెక్కి మరో ఊరికి వెళ్ళిపోయాక, సెల్సా కొడుకు ఓనోఫ్రె టోపీ చేత్తో పట్టుకుని అందరి ముందూ నిలబడ్డాడు. శాంటా ఫేలో ఇళ్ళ గోడలకు సిమెంటు పూత వేసే పని అతనిది.

"ఈసారి చర్చి సంగతి నేను చూసుకుంటాను. సిమెంటు, కోళ్ళగూటి తీగవల, మేకులు అన్నీ నావే. అమ్మ పేరు మీద చేస్తాను. నలభై ఏళ్ళదాకా ఎవరూ నిచ్చెన ఎక్కక్కర్లేదు."

"నలభై ఏళ్ళకి ఇక్కడ ఎవడు మిగుల్తాడ్రా, గోడ బాగుందో లేదో చూట్టానికి?" అన్నాడు తెలెస్ఫొరో. అతను లిబ్రాదాకు వరసకు మరిది. నోరు ఊరుకోదు. అందరూ నవ్వారు. "అయినా నన్నడుగుతావేంటి. గోడ ఆడాళ్ళది. మీ పెద్దమ్మనడుగు."

అందరూ లిబ్రాదా వైపు చూశారు. ఒకప్పుడు ఎనిమిది మంది మెత్తేవాళ్ళు, అప్పటికి నలుగురు మిగిలారు. వాళ్ళలో పెద్దది లిబ్రాదాయే. సిమెంటు సంగతి ఆమెకు తెలియనిది కాదు. పచ్చి ఇటుక గోడ కింద నేలనుంచీ, పైన మంచునుంచీ నీళ్ళు తాగుతుంది. తాగినదాన్ని ఎండకు వదిలేస్తుంది. మట్టి పూత ఉంటే ఆ దారి తెరిచి ఉంటుంది. సిమెంటు వేస్తే మూసుకుపోతుంది. ఇదంతా నానమ్మ ఆమెకు చెప్పిన మొదటి పాఠం.

కానీ ఆ ఉదయం ఆమె ఆలోచించింది ఆ పాఠం గురించి కాదు. జూన్‌లో తను మట్టి విసురుతూ ముందుకు పోతుంటే, వెనక ఇంకెవరో గొర్రెతోలు పట్టుకుని వస్తారు. ఆ తోలు చప్పుడు సెల్సా చప్పుడులా ఉండదు.

"కానివ్వండి," అంది.

ఓనోఫ్రె మూడు వారాల్లో పని ముగించాడు. గోడలన్నిటికీ తీగవల బిగించి, దాని మీద సిమెంటు వేసి, పైన మట్టిరంగు కొట్టాడు. ఒక్క పగులు లేదు. తలుపు పక్కన తడి సిమెంటులో తల్లి పేరు రాశాడు. ఊరు మెచ్చుకుంది. లిబ్రాదా కూడా మెచ్చుకుంది.

ఆ తర్వాత జూన్ ఖాళీ అయిపోయింది. మొదటి రెండేళ్ళు ఆడవాళ్ళు అలవాటుకొద్దీ పొయ్యిలు పెట్టారు, కానీ పని లేని వంట ఎంతసేపు సాగుతుంది. మూడో ఏడు ఎవరూ రాలేదు. పండగనాడు కార్లలో వచ్చి, పూజ విని, అవే కార్లలో హైవే మీది బర్గర్ల దుకాణానికి పోవడం మొదలైంది. ఆ దుకాణం సిమెంటుతో కట్టింది. కానీ చూడ్డానికి మట్టి ఇల్లులా ఉండాలని మూలలు గుండ్రంగా చేసి, పై అంచున దూలాల మొనలు బయటికి వచ్చినట్టు బిగించారు. ఊళ్ళో మాత్రం ఒక్కొక్కరే తమ మట్టి ఇళ్ళకు సిమెంటు వేయించుకున్నారు. డబ్బు కూడినవాళ్ళు మట్టి ఇల్లే వదిలేసి, లారీ మీద వచ్చే రేకు ఇల్లు కొని దాని పక్కనే దించుకున్నారు.

మట్టి పని కావాలని లిబ్రాదాను వెతుక్కుంటూ వచ్చింది కొండ మీద స్థలం కొన్న టెక్సస్ ఆవిడ ఒక్కతే. చెక్క చట్రాల ఇల్లు కట్టించుకుని, లోపల ఒక గోడకు మట్టి పూయమంది. పొరుగింటి నిన్ఫాను తోడు తీసుకుని లిబ్రాదా వెళ్ళింది. సాయంత్రానికి గోడ అద్దంలా తయారైంది. ఆవిడ చూసి మొహం చిన్నబుచ్చుకుని, చేతులు తిప్పుతూ ఇంగ్లీషులో ఏదో చెప్పింది.

"ఏమంటోందే?" అంది లిబ్రాదా.

"మరీ నున్నగా ఉందంటక్కా. వంకరటింకరగా చెయ్యాలంట. చేత్తో చేసినట్టు కనపళ్ళేదంట."

"మరి కాళ్ళతో చేశామా?"

"నాకేం తెలుసు. డబ్బులు దానివి, వంకరలూ దానివే."

దారి పొడుగునా నిన్ఫా నవ్వుతూనే ఉంది. ఇంటికొచ్చాక లిబ్రాదా చాలాసేపు చేతులు కడుక్కుంది.

సిమెంటు వేసిన తొమ్మిదో ఏడు చర్చి పెత్తనం లిబ్రాదా వంతుకు వచ్చింది. పెత్తనం అంటే ఏడాదిపాటు తాళంచెవి దగ్గర ఉంచుకోవడం, నేల ఊడవడం, పొయ్యి రాజేయడం, శాంతా ఆనా విగ్రహానికి బట్టలు మార్చడం. ఆ చలికాలం మంచు విపరీతంగా పడింది. ఏప్రిల్‌లో ఒక పొద్దున లిబ్రాదా విగ్రహం పరికిణీ విప్పితే చెమ్మగా తగిలింది. నేలమాళిగలో దుంపలు కుళ్ళినట్టు వాసన వేసింది. విగ్రహం వెనక గూట్లో సున్నం ఉబ్బి, వేలు పెడితే పొడిలా రాలింది. ఆమె ఉత్తరపు గోడకు అరచెయ్యి ఆనించింది. లోపల పొయ్యి మండుతున్నా గోడ చల్లగా ఉంది. బయటికి వెళ్ళి వేలి కణుపులతో సిమెంటు మీద తట్టింది. నడుము ఎత్తులో గట్టిగా పలికింది. మోకాళ్ళ దగ్గర ఖాళీ డోలు మోగినట్టు మోగింది.

తెలెస్ఫొరోను పిలుచుకొచ్చి తట్టమంది. అతను తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"నా పొట్ట కూడా ఇలాగే మోగుద్ది వదినా. పైకి బానే ఉంటుంది."

"ఎకసెక్కాలొద్దు తెలెస్ఫొరో. లోపల ఇటుక కరిగిపోయింది."

"చూశావా?"

"చూడక్కర్లేదు."

అతను నవ్వు మానేశాడు. "అయితే ఆ ముక్క ఓనోఫ్రెకి నువ్వే చెప్పు. వాడి తల్లి పేరుందక్కడ. నేను చెప్పను."

ఆ ఆదివారమే చెప్పింది. ఓనోఫ్రె గోడ చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"పగులెక్కడుందో చూపించు పెద్దమ్మా."

"పగులుంటే బతికిపోయేదిరా. ఆవిరన్నా బయటికి పోయేది."

"తొమ్మిదేళ్ళయింది. వెంట్రుకవాసి గీత లేదు. నీ చెయ్యి చల్లగా ఉందని నేను చర్చి పగలగొట్టాలా?"

"అడుగున ఒక జానెడు తీసి చూడు చాలు."

"ఆ రోజు అందరూ నిన్నే కదా అడిగారు? వద్దని ఒక్క ముక్క అనుంటే నేను చేసేవాణ్ణి కాదు."

లిబ్రాదా తల తిప్పి చూసింది. చర్చి మెట్ల మీద నిలబడ్డవాళ్ళందరూ వింటున్నారు. తెలిసీ కానివ్వమన్నానని చెబితే, ఎందుకన్నావని అడుగుతారు. ఎందుకన్నదో చెప్పుకోవడం ఆమెకు చేతకాలేదు. పండగ అయ్యాక చూద్దామని ఎవరో అన్నారు. మిగతావాళ్ళు తలలూపారు. లిబ్రాదా కూడా ఊపింది.

మే గడిచింది. జూన్ సగం గడిచింది. ఆమె రోజూ వెళ్ళి తట్టేది. డోలు చప్పుడు మోకాలు దాటి తొడ దాకా వచ్చింది. జూన్ నెలాఖరున ఒక పొద్దున, కాఫీ అయినా తాగకుండా, చనిపోయిన మొగుడి సుత్తీ ఉలీ సంచిలో వేసుకుని చర్చికి పోయింది. ఉత్తరం వైపు గోడ మొదట్లో కూర్చుని సిమెంటు కొట్టడం మొదలెట్టింది. పళ్ళెమంత పెచ్చు ఊడింది. దాని వెనక తీగ తుప్పు పట్టి ఉంది. తీగ వెనకనుంచి మట్టి ఇటుక రూపం లేకుండా, మొక్కజొన్న జావలా కారి ఆమె పరికిణీ మీదకు వచ్చింది.

సుత్తి చప్పుడు విని నిన్ఫా పరిగెత్తుకొచ్చింది. చూసి, ఓనోఫ్రెకు ఫోన్ చేయడానికి వెళ్ళింది. అతను పని వదిలేసి రెండు గంటల్లో వచ్చాడు. ట్రక్కు దిగుతూనే అరుద్దామని నోరు తెరిచినవాడు ఆ కన్నం చూసి ఆగిపోయాడు. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపల పెట్టాడు. మోచెయ్యి దాకా దిగింది.

"నాకు తెలుసురా," అంది లిబ్రాదా. "ఆ రోజే తెలుసు. సిమెంటు వేస్తే ఇలా అవుతుందని నానమ్మ చెప్పింది. తెలిసీ కానివ్వమన్నాను."

"ఎందుకు పెద్దమ్మా?"

"మీ అమ్మ లేకుండా మెత్తలేక."

అతను చెయ్యి బయటికి తీశాడు. మోచేతి దాకా మట్టి. ట్రక్కులోంచి గడ్డపార తెచ్చి తనే పెచ్చులు లాగడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి తెలెస్ఫొరో, ఇంకో నలుగురు వచ్చి చేరారు. శాంతా ఆనాను దుప్పట్లో చుట్టి తెలెస్ఫొరో గడ్డికొట్టంలోకి చేర్చారు. గోడకు అడ్డంగా దుంగలు ఆనించారు. కింద కరిగిన ఇటుకలు ఒక్కొక్కటే తీసి కొత్తవి పెడితే నిలబడుతుందేమోనని అందరూ అనుకున్నారు.

నాలుగో రోజు, గోడ మధ్యలో, నేలకు మనిషెత్తున, తలుపంత పెద్ద పెచ్చు ఒక్కటిగా ఊడింది. ఇద్దరు పట్టుకుని దాన్ని గడ్డి మీద వెల్లకిలా పడేశారు. గోడకు అంటి ఉన్న వైపు పైకి వచ్చింది. తడి సిమెంటు ఆ రోజు గోడ మీద ఉన్నది ఉన్నట్టుగా అచ్చు తీసుకుంది. దాని మీద నెలవంకల్లా ఉబ్బెత్తు గీతలు. వరసవరసకూ మూడు నిండుగా, నాలుగోది పడీపడనట్టు.

ముందు చూసింది ఓనోఫ్రె. అతను గడ్డపార కింద పెట్టి, ఆ గీతల మీద తన వేళ్ళు ఉంచి చూశాడు. అద్దంలో చూసినట్టు అవి ఎదురు తిరిగి ఉన్నాయి. లిబ్రాదా దగ్గరికి రాలేదు. వచ్చే ఏడు నున్నగా చేద్దాంలే అన్న గోడ అది. గోడ మీద ఆ చోట ఇప్పుడు గీతలు లేవు. పెచ్చుతోపాటు పైపొర ఊడిపోయింది. లోపలి ఇటుకలు నీళ్ళోడుతున్నాయి.

"ఇది కొట్టకండి," అన్నాడు ఓనోఫ్రె. "దీన్ని నేను తీసుకెళ్తాను."

జూలై మొదటి వారంలో వానలు దిగాయి. మూడోరోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు ఉత్తరపు గోడ కూలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. తడిసిన మూటను బండి మీంచి కింద పడేసినట్టు వినిపించిందని నిన్ఫా చెప్పింది. గోడతోపాటు కప్పు సగం దిగిపోయింది. తలుపు పక్కన సెల్సా పేరున్న ముక్క మాత్రం నిలబడే ఉంది.

ఆ ఏడు పండగ పూజ తెలెస్ఫొరో గడ్డికొట్టంలో జరిగింది. ఎండుగడ్డికి ఫాదర్ మూడుసార్లు తుమ్మాడు.

శీతాకాలంలో పట్నంనుంచి ఒక ఇంజనీరు కాగితాలు తెచ్చి తెలెస్ఫొరో ఇంట్లో బల్ల మీద పరిచాడు. సిమెంటు దిమ్మెలతో కొత్త చర్చి. గుండ్రటి మూలలు, మట్టిరంగు, పై అంచున వరసగా దూలాల మొనలు. అచ్చం హైవే మీది బర్గర్ల దుకాణంలా ఉంది, గంట ఒక్కటే ఎక్కువ.

"ఈ దూలాలు ఏం మోస్తాయి బాబూ?" అని అడిగాడు తెలెస్ఫొరో.

"ఏమీ మొయ్యవండి. చూపుకి అంతే."

"నాలాగే అన్నమాట."

ఎవరూ నవ్వలేదు. ఇంజనీరు లిబ్రాదా వైపు తిరిగాడు. ఆమె చేతిపని గురించి విన్నానని, సిమెంటు పైపూత తడిగా ఉన్నప్పుడు చేత్తో కాస్త ఎగుడుదిగుడు చేసి పెడితే పాతదానిలా ఉంటుందని మర్యాదగానే అన్నాడు. ఆమె తన చేతులు చూసుకుని బల్ల కిందకు తీసుకుంది.

"నా చేతులు బాగాలేవు బాబూ," అంది. అవి బాగానే ఉన్నాయి.

వసంతంలో స్థలం చదును చేయడానికి యంత్రం వచ్చింది. పాత గోడల మట్టిని ఏట్లో పోసేస్తామన్నారు. ఓనోఫ్రె రెండు ఆదివారాలు ట్రక్కు వేసుకొచ్చి, ఉత్తరపు గోడ మట్టి మోసినంత మోశాడు. ఎక్కడ దించమంటావు పెద్దమ్మా అని అడిగితే ఆమె తన ఇంటి వెనక చోటు చూపించింది. సిమెంటు వేయించుకోని ఇల్లు ఊళ్ళో అదొక్కటే మిగిలింది.

జూన్‌లో ఆ మట్టిని నీళ్ళు పోసి నానబెట్టారు. గడ్డి కలిపి ఓనోఫ్రె తొక్కాడు. తీగముక్కలు, తుప్పు మేకులు కాళ్ళకు తగులుతుంటే ఏరి పక్కన పెట్టాడు. లిబ్రాదా తన ఇంటి ఉత్తరపు గోడ ముందు నిలబడి మొదటి ముద్ద విసిరింది. పది అడుగులు నడిచాక వెనక్కి తిరిగి చూసింది. గీతలు గీసేవాళ్ళు లేరు. నిన్ఫాకు మోకాళ్ళు పట్టేశాయి. కంచె అవతల కుర్చీ వేసుకుని కూర్చుని చూస్తోంది.

"అలా నిలబడతావేంట్రా," అంది లిబ్రాదా. "వేళ్ళతో గియ్యి."

ఓనోఫ్రె తన చేతుల వైపు చూసుకున్నాడు. "నేనా?"

"ఇంకెవరున్నారు?"

"మగాడి చెయ్యి పడకూడదంటారుగా."

"పడాల్సిందంతా పదేళ్ళ కిందే పడిందిలే. గియ్యి."

అతను గీశాడు. చేతిలో తాపీ లేకపోవడంతో మొదట మరీ లోతుగా, తర్వాత మరీ పైపైన పడ్డాయి. నాలుగు వేళ్ళకూ నాలుగు గీతలు పడ్డాయి. పై పూత వేశాక గొర్రెతోలు తడిపి ఇచ్చింది. అతను దానితో గోడను నిమరలేక రుద్దాడు. కంచె అవతలనుంచి నిన్ఫా, "గుర్రాన్ని తోముతున్నావా ఏంట్రా అబ్బాయ్," అంది. లిబ్రాదా అతని తప్పులు దిద్దలేదు. సాయంత్రం ఇద్దరూ గోడకు ఎదురుగా తిరగేసిన బకెట్ల మీద కూర్చుని బీన్స్ తిన్నారు. చూడ్డానికి అది మంచి గోడ కాదు.

ఇంకో రెండు జూన్‌లు అలాగే మెత్తారు. మూడో ఏడు మార్చిలో లిబ్రాదా పోయింది. శవపేటికను కొత్త చర్చిలోనే ఉంచారు. ఇంజనీరు చెప్పినట్టే ఎవరో గోడల మీద ఎగుడుదిగుళ్ళు చేశారు. పొయ్యి లేకపోయినా లోపల వెచ్చగా ఉంది. శ్మశానంలో సెల్సా పక్కనే చోటు తవ్వారు. సెల్సా తల దగ్గర, తలుపంత పెచ్చులో సగానికి కోసిన ముక్క నిలబెట్టి ఉంది. గీతలున్న వైపు ఏటి కేసి ఉంది.

ఆ జూన్‌లో ఓనోఫ్రె ఆమె ఇంటి వెనకకు వెళ్ళి మట్టికుప్ప చూశాడు. గడ్డి మొలిచి ఉంది. బకెట్లో నీళ్ళు తెచ్చి కాస్త మట్టి తడిపాడు. ముందు ఎవరైనా విసిరితే కదా తను వెనక గియ్యగలడు. కంచె అవతల నిన్ఫా కుర్చీ ఖాళీగా ఉంది. తడిపిన మట్టి చేతిలో ఆరేదాకా నిలబడి, ప్యాంటుకు తుడుచుకుని ట్రక్కెక్కాడు.

జూలైలో వాన పడ్డప్పుడు ఆ గోడ పై పూత కారి, కింద అతని నాలుగు గీతలు బయటపడ్డాయి. మరుసటి ఏటికి అవీ లేవు.